కన్నవారిని వెదకు బిడ్డలు



ఒకరు కన్న బిడ్డను మఱియొకరు పెంచుట మన యిండ్లలో క్రొత్త సంగతి కాదు. అక్కకు సంతానము లేనిచో చెల్లెలు తన రెండవ బిడ్డ నామె యొడిలో పెట్టుటయు, అన్నకు కొడుకు లేనిచో తమ్ముడు తన కుమారుని దత్తత యిచ్చుటయు తరతరములుగా జరుగుచున్నవే. ఇప్పుడు శిశుగృహములనుండి చట్టప్రకారము బిడ్డలను తెచ్చుకొనువారును పెక్కురు. ఆ బిడ్డల నెట్లు పెంచవలయునో చెప్పువారు చాలమంది కలరు. కాని యా బిడ్డ పెద్దయై, చదువు ముగించి, తన కాళ్లపై తాను నిలిచిన పిమ్మట నొకనాడు "నన్ను కన్నవారెవరు? నాకు తోబుట్టువులున్నారా?" యని యడిగినయెడల నేమి చేయవలయునో చెప్పువారు తక్కువ. ఈ మాసమున మేము దానినిగూర్చియే ముచ్చటింపదలచితిమి.

ఈ ప్రశ్న విన్నతోడనే పెంచిన తల్లి గుండె గుభిల్లుమనుట సహజము. "కంటికి ఱెప్పవలె కాచి పెంచినందులకు ఫలమిదియా?" యని కొందఱు కన్నీరు పెట్టుదురు. బంధువులు "ఎంతైనను కడుపున పుట్టినది కాదు గదా!" యని యా పుండుపై కారము చల్లుదురు. మా యభిప్రాయము వేఱు. ఆ ప్రశ్న కృతఘ్నత కాదు. పెంపకమునందలి లోపమును కాదు. తాను పుట్టిన దినమున నేమి జరిగెనో తెలిసికొనగోరుట మానవస్వభావము. మనమందఱము అమ్మమ్మ నోట, నాయనమ్మ నోట ఆ కథ పదిమార్లు వినియున్నాము గనుక దాని విలువ మనకు తెలియదు. విననివానికే తెలియును.

భారతము చదువుకొన్న యిండ్లలో ఈ విషయమునకు సంబంధించిన రెండు కథలు ఎల్లరు నెఱిగినవే. మేనక కని విడిచిన శకుంతలను కణ్వమహర్షి పెంచెను. ఆయన యామె జన్మవృత్తాంతమును దాచలేదు. తన్ను చూడవచ్చిన యొక మునికి ఆమె వినుచుండగనే చెప్పెను. కనుకనే దుష్యంతుడు "ముని కూతుర వెట్లైతివి?" యని యడిగినపుడు ఆమె తడబడక, తల వంచుకొనక, తాను విన్నది విన్నట్లు చెప్పగలిగెను. చెప్పి, కణ్వుని తండ్రియనియే తలచెను. ఆ వృత్తాంత మెఱిగినందువలన ఆమెకు తండ్రిపై ప్రేమ వీసమైనను తగ్గలేదు.

ఇక కర్ణుడు. ఆతని జన్మరహస్యమును కృష్ణుడును, కుంతియు యుద్ధము ముంగిట నిలిచినపుడు గాని నోరువిప్పి చెప్పలేదు. అప్పుడైనను ఆతడు రాధను, అధిరథుని విడిచి రాలేదు. తన్ను పెంచిన తల్లి చేసిన చాకిరి తలచుకొని, రాధేయుడుగనే యుండిపోయెను. కాని తమ్ములకో, ఆతడు చనిపోయి తిలోదకము లిచ్చు సమయమువఱకును ఆ సంగతి తెలియదు. తెలిసిన ధర్మరాజు దుఃఖముతో స్త్రీజాతి కంతటికిని రహస్యము దాగకుండుగాక యని శపించెనట. ఆడవారి నోట నువ్వుగింజ నానదని నేటికిని మనలను పరిహసించువారున్నారు. నిజము చెప్పవలసివచ్చినచో, ఈ విషయమున స్త్రీలు దాచినంతగా ఎవ్వరును దాచలేదు. దాచవలసిన యవస్థ వారికి లోకమే కల్పించినది.

ఐర్లండు దేశమున ఫిలోమినా లీ యను నామె కథ వినుడు. వివాహము కాని కన్యగా నామె రాస్‌క్రే యను ఊరి సన్యాసినీమఠమున 1952లో నొక కుమారుని కనెను. బిడ్డపై హక్కు విడిచినట్లు ఆమెచేత వ్రాయించుకొనిరి. ఆమె అక్కడనే పనిచేయుచు బిడ్డను చూచుకొనుచుండగా, 1955లో వానిని అమెరికా దంపతులకు దత్తత పంపివేసిరి. ఆమె పిమ్మట వివాహమాడి బిడ్డలను కనియు, దాదాపు 50 ఏండ్లు ఈ సంగతి ఎవ్వరికిని చెప్పలేదు. కుమారుడు మైకేల్ హెస్ అను పేర పెరిగి, గొప్ప న్యాయవాది యయ్యెను. తల్లిని వెదకికొనుచు నాతడు ఆ మఠమునకు పోయి యడిగెను. కొడుకును వెదకికొనుచు ఆమెయు ఆ మఠమునకే పోయి యడిగెను. ఇద్దఱును ఒకే వాకిలి తట్టిరి. ఒకరి మాట మఱియొకరికి చెప్పినవారు లేరు. 1995లో ఆతడు మరణించుచు తన్ను ఆ మఠమునందే పాతిపెట్టుడని కోరెను. తల్లికి కడకు దొరికినది కొడుకు సమాధి.

ఇది యొక్కయామె గతి కాదు. అట్టి మఠములను, గృహములను విచారించిన ఐర్లండు ప్రభుత్వ సంఘము 2021లో ప్రకటించిన నివేదికనుబట్టి, 18 సంస్థలలో రమారమి 56,000 మంది తల్లులును, 57,000 మంది బిడ్డలును ఉండిరి. 2022లో ఆ దేశమున నొక చట్టము వచ్చినది. 16 ఏండ్లు నిండిన దత్తసంతానమునకు తమ జనన పత్రమును, తొలినాళ్ల వివరములను పొందు హక్కు దానివలన కలిగెను. ఇంగ్లండులో 1926లో దత్తతచట్టము పుట్టినది. 1975 నాటి శాసనముతో 18 ఏండ్లు నిండినవారికి అసలు జనన పత్రము చూచు హక్కు వచ్చినది. 1991 మొదలుగా అచ్చట నొక పట్టికయు కలదు. బిడ్డ యొకవంకను, కన్నవారు మఱియొకవంకను తమ పేర్లు వ్రాయించుకొందురు. రెండు వంకల పేర్లును కలిసిననే వార్త యందును. ఒకరి యిష్టము లేక మఱియొకరు వాకిట నిలువరు. ఈ యేర్పాటు మాకు మిక్కిలి నచ్చినది.

పత్రమున్నంత మాత్రమున చాలదు; ఆ పత్రము నిజము చెప్పవలయును. దక్షిణకొరియానుండి 1953లో యుద్ధము ముగిసిన తర్వాతి దశాబ్దములలో రమారమి 2,00,000 మంది పిల్లలు పరదేశములకు దత్తత పోయిరందురు. వారిలో పెద్దలై తిరిగి వచ్చి వెదకినవారు పెక్కురు తమ పత్రములలో అబద్ధములను చూచిరి. తల్లిదండ్రులు జీవించియుండగా "అనాథ" యని వ్రాసియుండెను. ఒక బిడ్డ పేరిట మఱియొక బిడ్డను పంపిన సందర్భములును కలవు. ఆ దేశపు సత్యనిర్ధారణ సంఘము 2025 మార్చిలో ఇందు ప్రభుత్వ బాధ్యత కలదని తేల్చి చెప్పెను. ఇట్టి బిడ్డ వెదకుట యెట్లు? చేతనున్న దీపమే తప్పుదారి చూపుచున్నది.

తోబుట్టువులను విడదీసినవారును కలరు. అమెరికాలో న్యూయార్కు నగరమున 1961లో నొక కాన్పున పుట్టిన ముగ్గురు మగబిడ్డలను ఒక సంస్థ ముగ్గురు దంపతులకు వేఱువేఱుగా దత్తత యిచ్చెను. తమ బిడ్డకు కవలలున్నారని ఏ దంపతులకును చెప్పలేదు. పెంపకమువలన స్వభావ మెట్లు మాఱునో పరిశీలింపదలచిన వైద్యులకొఱ కిట్లు చేసిరని తర్వాత బయటపడెను. 1980లో ఒకడు కళాశాలలో చేరబోగా, అచ్చటి విద్యార్థులు వేఱొక పేరుతో పిలిచి కుశలమడిగిరి. అట్లు ఇద్దఱు కలిసిరి; పత్రికలో వారి బొమ్మ చూచి మూడవవాడు వచ్చెను. అప్పటికి వారికి 19 ఏండ్లు. ఒక గర్భమున కలిసి పెరిగినవారు 19 ఏండ్లు ఒకరి మొగ మొకరు చూడకుండుట కెవ్వరు బాధ్యులు?

మన దేశమునకు వత్తము. సరూ బ్రయర్లీ యను నాతని కథ చాలమంది వినియుందురు. మధ్యప్రదేశమునందలి ఖండ్వాలో గణేశ్ తలాయి యను పేటలో నొక బీదతల్లికి పుట్టిన ఆ బాలుడు 1986లో అయిదేండ్ల వయస్సున అన్నతోకూడ బయలుదేరి, బురహాన్‌పూర్ స్టేషనులో నొంటరియై, ఆగియున్న రైలెక్కి నిదురపోయెను. ఆ రైలు వానిని కలకత్తా చేర్చెను. ఊరి పేరు సరిగ చెప్పలేని బాలుని ఇంటికి పంపు దారి యెవ్వరికిని తోచలేదు. 1987లో ఆస్ట్రేలియాకు చెందిన టాస్మేనియాలోని దంపతులు దత్తత తీసికొని పెంచిరి. పెద్దవాడైన పిమ్మట, భూమిని పైనుండి చూచినట్లు చూపు గూగుల్ ఎర్త్ సాధనముతో, కలకత్తానుండి రైలుపట్టాల వెంట తన బాల్యమునందలి గుర్తులు వెదకి వెదకి 2011లో ఖండ్వాను కనుగొనెను. 2012 ఫిబ్రవరిలో పోయి తల్లిని చూచెను. కొడుకు తిరిగి వచ్చునను నాశతో ఆమె ఆ పరిసరములను విడువక యుండెను. కాని తన్ను వెంటబెట్టుకొని వెళ్లిన యన్న ఆ రాత్రియే రైలు తగిలి మరణించెనని యాతనికి 26 ఏండ్ల తర్వాత తెలిసినది. వెదకుటలో సంతోషమొక్కటియే దొరకదు. తోబుట్టువు వార్తయు, తోబుట్టువు చావువార్తయు ఒక్కనాడే వినవలసియుండవచ్చును.

ఈ కథలో మేము మనసున పెట్టుకొనదగినదిగా తలచునది పెంచినతల్లి సూ బ్రయర్లీ చేసిన పని. ఆమె ఆ బాలుని గది గోడకు భారతదేశపటమును తగిలించెను. నీవెక్కడినుండి వచ్చితివో మఱచిపొమ్మనలేదు. ఆతడు తల్లిని కనుగొన్న పిదప తానును వచ్చి యామెను కౌగిలించుకొనెను. అతనికి ఇప్పుడు ఇద్దఱు తల్లులు, నివాసము టాస్మేనియాయే. పటము తగిలించినతల్లి కొడుకును పోగొట్టుకొనలేదు.

మన తెలుగునాటను ఈ వ్యథ కలదు. 1999లోను, 2001లోను హైదరాబాదునందలి కొన్ని దత్తసంస్థలపై పోలీసు విచారణలు జరిగెను. నల్లగొండ మున్నగు జిల్లాలలోని లంబాడీ తండాలనుండి పసి ఆడబిడ్డలను మధ్యవర్తులు కొద్దిసొమ్మిచ్చి కొని తెచ్చి, సంస్థలకు చేర్చిరని బయటపడెను. బీదఱికమును, మఱియొక ఆడపిల్ల కట్నమును తలచి భయపడిన తల్లులు వేలిముద్ర వేసిరి. తమ బిడ్డ యే దేశము పోవునో వారెఱుగరు. ఆనాటి పసికందులు నేడు పాతికేండ్ల యువతులు. వారిలో నొకతె వచ్చి "నా తండా యెక్కడ?" యని యడిగినచో, పుస్తకమున వ్రాసినది నిజమని నమ్మవచ్చునా? బిడ్డను పొందు తొందరలో "ఈమె తల్లి యెవరు? తెలిసి యిచ్చినదా?" యని యడుగని పెద్దల తప్పు, ఇరువదియేండ్ల తర్వాత బిడ్డ నెత్తిన పడుచున్నది.

ఇట్టివి జరుగరాదనియే 1984లో లక్ష్మీకాంత్ పాండే వ్యాజ్యమున సుప్రీముకోర్టు విదేశ దత్తతలకు నియమములు విధించినది. 1990లో కేంద్ర దత్తత సంస్థ యేర్పడినది. దానిని కారా యందురు. 1993 నాటి హేగ్ ఒడంబడికలో మన దేశము 2003లో చేరెను. బిడ్డ పుట్టువునకు సంబంధించిన వివరములను భద్రపఱుపవలెనని యా ఒడంబడిక చెప్పుచున్నది. 2015 నాటి బాలల న్యాయచట్టమునుబట్టి, బిడ్డను అప్పగించిన తల్లిదండ్రులకు మనసు మార్చుకొనుటకు 60 దినముల గడువు కలదు. 2022 నాటి నియమములనుబట్టి, 18 ఏండ్లు నిండిన దత్తసంతానము తామే అర్జీ పెట్టుకొని తమ మూలమును వెదకికొనవచ్చును. పిన్నలైనచో పెంచిన తల్లిదండ్రులతో కలిసి పెట్టవలయును. వారి తరపున మఱియొకరు వెదకరాదు. కన్నవారు తమ పేరు చెప్పవద్దని కోరియున్నచో, వారి సమ్మతి లేనిదే చెప్పరు. సమ్మతి దొరకనిచో, బిడ్డను విడిచిన కారణమును, సందర్భమును మాత్రము తెలుపుదురు.

"బిడ్డ తిరిగి వెళ్లిపోవునేమో" యని భయపడు తల్లులకు ఒక మాట. 1956 నాటి హిందూ దత్తత చట్టమునుబట్టి, సక్రమముగ జరిగిన దత్తతను పెంచినవారు గాని, మఱియెవ్వరు గాని రద్దుచేయజాలరు. దత్తత పోయిన బిడ్డయు దానిని త్రోసిపుచ్చి పుట్టినింటికి తిరిగి పోజాలదు. చట్టము మీ సంబంధమున కింత గట్టి ముడి వేసినది. అదే చట్టము మఱియొక నియమమును పెట్టినది: పుట్టినింట నుండినచో ఎవరిని పెండ్లాడరాదో, దత్తత పోయిన తర్వాతను వారిని పెండ్లాడరాదు. కన్నవారెవరో యెఱుగని బిడ్డ ఈ నియమమును పాటించు టెట్లు? సంబంధము చూచునపుడు గోత్రము, ప్రవర, మేనరికము ఇన్ని విచారించు మనము, ఈ సంగతి దాచి పెండ్లి చేయుట ధర్మమా? వంశమున వచ్చు వ్యాధులనుగూర్చి వైద్యుడడిగినపుడును ఇదే చిక్కు.

దాచుట యిప్పుడు సాధ్యమును కాదు. ఉమ్మి చుక్కతో డీఎన్ఏ పరీక్ష జరుగుచున్నది. ఒక తల్లి బిడ్డలకు సగమును, తల్లి యొక్కతెయై తండ్రులు వేఱైనచో పాతికవంతును, పినతల్లి బిడ్డలతో ఎనిమిదవవంతును సగటున సరిపోవును. వెదకు బిడ్డ యొకదేశమునను, పేరు వినని పినతల్లి కొడుకు వేఱొక దేశమునను పరీక్ష చేయించుకొన్నచో, ఇద్దఱి బంధుత్వమును బయటపడును. మన యింటిలో చెప్పని మాటను పరాయివాని కాగితము చెప్పినచో, ఆ బిడ్డ మనలను మఱి నమ్మునా?

కనుక మేము చెప్పదలచిన దిది. మాటలు రానినాటినుండియే, ఒడిలో కూర్చుండబెట్టుకొని, నిదురపుచ్చు కథగా బిడ్డకు చెప్పుడు. మావారు బడిలో చదువు చెప్పుదురు గనుక మాకు తెలిసిన సంగతి యొకటి: ఇంట వినని బిడ్డ ఈ మాటను ఆటస్థలమున తోటిపిల్లవాని నోట, ఎగతాళిగా వినును. అమ్మ నోట ముందు విన్న బిడ్డను ఆ ఎగతాళి బాధింపదు. దత్తత ఉత్తరువును, శిశుగృహము పేరును, బిడ్డ వచ్చిననాడు తొడిగియున్న చొక్కాను, ఛాయాచిత్రమును ఒక పెట్టెలో భద్రపఱుపుడు. బంధువులలో జరిగిన దత్తతయైనచో, దస్తావేజు రిజిస్టరు చేయించుడు. నోటిమాటలు తెలిసిన పెద్దలతోనే పోవును. కోపము వచ్చినపుడు "వచ్చినచోటికే పంపివేసెదను" అను మాట నోట రానీయకుడు. కన్నతల్లిని నిందింపకుడు, ఆమె కడుపు ఏ మంటలో కాలెనో మనకు తెలియదు.

బిడ్డ వెదకబోవుదు ననినపుడు "నేనును వత్తును" అనుడు. కాని వాకిటికి పోవుటకు ముందు జాబు పోవలయునని బోధింపుడు. ఎన్నడో యొక బిడ్డను విడిచిన ఆమె నేడు మఱియొక యింటి ఇల్లాలు. భర్తకు, అత్తకు, బిడ్డలకు చెప్పియుండదు. ఒక్కసారిగా గుమ్మమెక్కిన కూతురు ఆమె కాపురమును కూల్పవచ్చును. సంస్థద్వారా, మధ్యవర్తిద్వారా అడిగి, ఆమె రమ్మన్ననే పోవుట న్యాయము. వద్దనినచో బిడ్డకు కలుగు వేదన చిన్నది కాదు. అప్పుడు ప్రక్కన నుండవలసినది పెంచిన తల్లియే. బిడ్డ నిచ్చివేసిన సోదరి యెవరైన ఈ పుట చదువుచున్నచో, ఆమెకును ఒక మనవి. మొగము చూపలేకపోయినను, వంశమునందలి వ్యాధులును, నీవేల విడువవలసివచ్చినదియు రెండు పంక్తులు వ్రాసి యా సంస్థయొద్ద నుంచుము. రేపు నీ కడుపున పుట్టిన మఱియొక బిడ్డ "మా అక్క యెక్కడ?" యని యడుగు దినము రావచ్చును.

మనము ప్రతిదినము దేవుని కొలుచునపుడు దేవకీనందనా యనుచున్నాము, యశోదానందనా యనుచున్నాము. ఒక నామమువలన రెండవది చిన్నబోవుట లేదు. మన బిడ్డలకును రెండు నామములను నిండుగా ఇయ్యగల ధైర్యము మనకుండవలయును.

ఈ విషయమున తమ యనుభవములను వ్రాసిపంపు సోదరీమణుల జాబులను పేర్లు, ఊర్లు తొలగించి ప్రకటింతుము. పేరు తెలుపుటకు జంకువారు తెలుపనక్కఱలేదు.